బిడ్డ యెవరి సొత్తు?

లోకములో వ్యాజ్యములన్నింటికిని మూలము 'నాది' అను మాట. భూమి నాది, ధనము నాది, గృహము నాది అని మనుష్యులు తగవులాడుదురు. పెద్దలు తీర్పు చెప్పుదురు. తీర్పు తప్పినను భూమికి గాని ధనమునకు గాని దుఃఖము లేదు. 'బిడ్డ నాది' అను తగవు వచ్చినప్పుడు మాత్రము, తగవులో నున్న సొత్తే ఏడ్చును. ఈ భేదమును గూర్చి కొంతకాలముగా నా మనస్సున మెదలుచున్న ఆలోచనలను భక్తపాఠకుల ముందుంచుచున్నాను.

2024 ఫిబ్రవరి 21 మొదలు 24 వరకు మేడారములో శ్రీ సమ్మక్క సారలమ్మల మహాజాతర జరిగినది. మేడారము పూర్వము వరంగల్లు జిల్లాలోనిది. 2019లో ములుగు జిల్లా యేర్పడగా అందు చేరినది. రెండేండ్ల కొకసారి మాఘమాసమున జరుగు ఆ జాతరకు లక్షలాది జనము వత్తురు. శ్రీవైష్ణవ గృహమున పుట్టినవానికి కోయల దేవతలతో పని యేమని అడుగువారు కలరు. మా ప్రాంతమున ఏ ఇంటివారైనను ఆ తల్లులకు బెల్లము, అక్కడి మాటలో 'బంగారము', మ్రొక్కుకొనక మానరు. మా ఇంటను అట్టి మ్రొక్కు ఒకటి మిగిలియుండగా, మనుమని వెంటబెట్టుకొని నేనును వెళ్లితిని.

జంపన్నవాగులో స్నానమాడి గద్దెల వైపు నడచుచుండగా, తప్పిపోయిన పిల్లలను కూర్చుండబెట్టిన పందిరి ఒకటి కనబడినది. మైకులో పేర్లు చదువుచున్నారు. అయిదారుగురు పసివారు చాపపై కూర్చుండియున్నారు. ఇంతలో ఒక వృద్ధురాలు జనమును త్రోసికొని వచ్చి, వారిలో మూడేండ్ల బాలుని చూచి, చేతులు చాచినది. అక్కడనున్న ఉద్యోగిని అడ్డుపడినది.

"నా మనుమడు బిడ్డా! తెల్లారగట్లనుంచి దేవులాడుతున్న. ఇయ్యవేంది?"

"అవ్వా, కోపం జెయ్యకు. పిలగాడు నిన్ను గుర్తువట్టాలె. జర ఆగు."

అవ్వ ఆగలేదు. శాపనార్థములు పెట్టినది. చుట్టునున్న జనము ఆమె పక్షముననే మాటలాడిరి. నేనును మనస్సులో ఆమె పక్షముననే యుంటిని. బాలుడు ఏడ్చి ఏడ్చి అలసిపోయి, కదలక మెదలక చూచుచున్నాడు. ఆ ఉద్యోగిని మాత్రము తొందరపడక, వాని ప్రక్కన నేలమీద కూర్చుండి, మెల్లగా ఏదో అడుగుచు నుండెను. కొంతసేపటికి వాడు లేచి వచ్చి, అవ్వ కొంగు పట్టుకొని, దాని చివర నున్న ముడిని విప్పుటకు మొదలుపెట్టెను. అందులో పుట్నాలున్నవి. ఆ ముడి ఎక్కడనుండునో, అందులో నేమి యుండునో వానికి తెలియును. ఉద్యోగిని పేరు, ఊరు వ్రాసికొని, అవ్వచేత వేలిముద్ర వేయించుకొని బాలుని పంపివేసినది. అంతవరకు తిట్టిన నోటితోనే అవ్వ ఆమెను దీవించుచు పోయినది.

ఆ దృశ్యము మరల నాకు జ్ఞప్తికి వచ్చుటకు ఎంతోకాలము పట్టలేదు. మూడు నెలలు తిరుగక ముందే, 2024 మే నెలలో, హైదరాబాదు శివారున మేడిపల్లిలో పసికందులను విక్రయించు ముఠా నొకదానిని పట్టుకొంటిమని రాచకొండ పోలీసులు ప్రకటించిరి. సంతానము లేని దంపతులకు లక్షల రూపాయలకు శిశువులను అమ్మిరని అభియోగము. పదిమందికి పైగా శిశువులను వారు పెరుగుచున్న ఇండ్లనుండి తెచ్చి, శిశువిహార్ అను ప్రభుత్వ సంరక్షణాలయమున చేర్చిరి. అప్పటి నుండి ఆ ఇండ్లవారి ఆక్రోశము మొదలైనది. మేము కంటికి రెప్పవలె పెంచుకొనుచున్నాము, ఆ పసివారికి అమ్మయన్నను నాన్నయన్నను మేమే, వారిని మాకు దూరము చేయుట వారికే కీడు అని కొందరు దంపతులు హైకోర్టునకు వెళ్లిరి. అక్కడ ఏకసభ్య ధర్మాసనము వారి మొర నాలకించినది. ద్విసభ్య ధర్మాసనము, చట్టప్రకారము జరుగని దత్తత దత్తత కాదని అధికారుల పక్షమున నిలిచినది. తుదకు 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు, రాజ్యాంగము 142వ అధికరణము తనకిచ్చిన విశేషాధికారమును వినియోగించి, బిడ్డలను ఆ పెంచిన దంపతులకే అప్పగింపవలసినదని ఆదేశించినది.

మా వీధి అరుగుమీద ఈ వార్త చదివినప్పుడు రెండు పక్షములేర్పడినవి. అధికారులు కంసులని ఒకరనిరి. కొన్నవారు దొంగసొత్తు కొన్నవారివలె శిక్షార్హులని మరియొకరనిరి. రెండు మాటలును నాకు రుచింపలేదు.

అధికారుల మాట ముందు విచారింతము. 2015 నాటి బాలన్యాయ చట్టము ననుసరించి జిల్లాజిల్లాకు బాలల సంక్షేమ సమితి యని యొకటి యుండును. ఒక అధ్యక్షుడు, నలుగురు సభ్యులు. వారిలో ఒక స్త్రీయైనను ఉండి తీరవలెను. దిక్కులేని శిశువు దొరకినచో 24 గంటలలో వారి యెదుట ప్రవేశపెట్టవలెను. తల్లి తన బిడ్డను సాకలేక వదలుకొనదలచినను వారి యెదుటనే చెప్పవలెను. చెప్పిన పిదప మనస్సు మార్చుకొనుటకు ఆమెకు 2 నెలల గడువు కలదు. ఈ గడువును గూర్చి మొదట విన్నప్పుడు, చట్టము వ్రాసినవారిలో ఎవరో యొక తల్లి ఉండియుండునని అనుకొంటిని. బిడ్డను రహస్యముగా చేతులు మార్చినప్పుడు ముందుగా నశించునది ఆ రెండు నెలలే. కన్నతల్లి యేడ్చినదా, ఒప్పుకొన్నదా, ఎవరైన భయపెట్టిరా అని అడుగువాడే లేడు.

అమ్ముట నేరమని ఈ చట్టము మాత్రమే చెప్పలేదు. 1956 నాటి హిందూ దత్తత చట్టమును దత్తతకై సొమ్ము ఇచ్చుటను, పుచ్చుకొనుటను నిషేధించినది. దత్తహోమము లేకున్నను దత్తత చెల్లునని చెప్పిన చట్టమే, సొమ్ము తగిలినచో ఒప్పుకొనలేదు. మన దేశమున ఇది ఊరక వ్రాసిన మాట కాదు. 1999లోను, 2001లోను తండాలలోని పేద లంబాడీ తల్లులనుండి ఆడశిశువులను కొద్దిపాటి సొమ్మిచ్చి తీసికొని, దత్తతల పేర విదేశములకు పంపుచున్నారని హైదరాబాదులో గొప్ప అలజడి రేగినది. పిమ్మట నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము, పేదరికమును కారణముగా చూపి బిడ్డను వదలుకొనుటనే నిషేధించుచు 2001లో ఉత్తర్వు చేసినది. కొనువారు ఉన్నంతకాలము అమ్ముటకు ఎవరో యొకరు బిడ్డలను వెదకి తెత్తురు. సంతానము లేని ఇల్లాలి కన్నీరు నిజమైనదే. ఆ కన్నీటిని చూపి వ్యాపారము చేయువారు ఉన్నారనుటయు నిజమే. చట్టబద్ధముగా దత్తతకు పేరు నమోదు చేసికొని వరుసలో నిలిచినవారు మూడేండ్లకు పైగా నిరీక్షించుచున్నారు. వరుసలో నిలిచినవారిని దాటి పోయినవాని ప్రేమ, నిలిచినవాని ప్రేమకంటె గొప్పదని ఎట్లు చెప్పగలము?

ఇంతవరకు అధికారుల వాదమే బలమైనది. అయినను ఇక్కడితో ఆగుటకు నా మనస్సొప్పదు.

ధర్మశాస్త్రము ఈ విషయమున ఏకవాక్యము కాదు. పుత్రుని ఇచ్చుటకు, విక్రయించుటకు, విడుచుటకు తల్లిదండ్రులకు అధికారము కలదని వసిష్ఠుడు చెప్పెను. ఏకైక పుత్రుని మాత్రము ఇయ్యరాదనెను. ఆపస్తంబుడు సంతానమునకు దానము గాని విక్రయము గాని లేనే లేదని కొట్టివేసెను. బిడ్డ ఇచ్చిపుచ్చుకొను వస్తువు కాదని ఆయన భావము. మనువు పండ్రెండు విధముల పుత్రులను పేర్కొని, కన్నవారు విడిచివేయగా మరియొకరు చేరదీసిన అపవిద్ధుని దాయమునకు అర్హులైన ఆరుగురిలో చేర్చెను. వెల యిచ్చి కొనిన క్రీతుని బంధువే కాని దాయాదుడు కాడని తక్కిన ఆరుగురిలోనికి నెట్టెను.

పాఠశాలలో ఈ ప్రకరణము చదువునాడు నేను గురువుగారిని అడిగితిని: "వెల పుచ్చుకొన్నవా డొక తండ్రి, ఇచ్చినవాడు మరియొక తండ్రి. వాటా పోగొట్టుకొన్నవాడు పిల్లవా డేల, స్వామీ?" గురువుగారు తాళపత్రము మీదనుండి చూపు మరల్పక కొంతసేపు ఊరకుండి, "ఆ ప్రశ్నను మరువకుము" అనిరి. సమాధానము చెప్పలేదు. నేను మరువలేదు.

ఐతరేయ బ్రాహ్మణమున శునశ్శేపుని కథ కలదు. హరిశ్చంద్రుని కుమారుడైన రోహితునికి బదులు యజ్ఞపశువుగా, అజీగర్తుడను బ్రాహ్మణుడు నూరు గోవులకు తన నడిమి కుమారుని అమ్మినాడు. పెద్దవానిని తండ్రి విడువడయ్యెను, చిన్నవానిని తల్లి విడువదయ్యెను. మరి నూరు గోవులకు యూపమునకు కట్టివేసినాడు. ఇంకను నూరు గోవులకు కత్తి చేతబట్టినాడు. దేవతలను స్తుతించి బాలుడు బంధవిముక్తుడు కాగా, ఆ అజీగర్తుడే ముందుకు వచ్చి నా కుమారుని నాకిండని యడిగెను! తల్లిదండ్రుల మొరలన్నింటిలో నింతటి సాహసమైన మొర నేను చదువలేదు. శునశ్శేపుడు వెళ్లనని చెప్పి, విశ్వామిత్రుని ఒడిలో కూర్చుండెను. అనగా బిడ్డను అడిగిరి; బిడ్డ చెప్పెను; చెప్పినది చెల్లెను. మనువు వెనుకకు నెట్టిన క్రీతుడు, ఇక్కడ దేవరాతుడను పేర విశ్వామిత్రుని జ్యేష్ఠపుత్రుడాయెను.

ఆ కథలో మన తెలుగువారికి చిన్న చిక్కు కూడ ఉన్నది. విశ్వామిత్రుని నూటొక్కమంది కుమారులలో పెద్దవారైన ఏబదిమంది, పరుని బిడ్డను అన్నగా అంగీకరింపమనిరి. తండ్రి శపింపగా వారి సంతతి ఆంధ్రులు, పుండ్రులు, శబరులు, పుళిందులు, మూతిబులు అయిరని చెప్పబడినది. మన ఆంధ్ర నామమును ప్రాచీన వాఙ్మయమున మనము గర్వముతో చూపించు చోటు అదియే. అందులో మనకు దక్కిన పరిచయము, వచ్చిన బిడ్డను కాదన్నవారి సంతతియని!

శబర పుళిందులవలె అడవులలో బ్రతికిన కోయలు ఏమి చేసిరో మేడారము చెప్పుచున్నది. వేటకు పోయిన కోయదొరలకు అరణ్యమధ్యమున పులుల నడుమ ఆడుకొనుచున్న పసిపాప కనబడెనని జనశ్రుతి. పొలవాస నేలిన మేడరాజు ఆ పాపను తెచ్చి కన్నబిడ్డవలె పెంచెను. ఆమెయే సమ్మక్క. మేడరాజు మేనల్లుడైన పగిడిద్దరాజును పెండ్లాడి, సారలమ్మ, నాగులమ్మ, జంపన్నలకు తల్లియై, కప్పము కోరి వచ్చిన కాకతి ప్రతాపరుద్రుని సేనతో పోరాడి, చిలుకలగుట్టపై అంతర్హితురాలైనది. దొరకినది కుంకుమభరిణె మాత్రమే. నేడు గద్దెల ముందు సాగిలపడు జనములో ఆమె కన్నవారెవరని యడుగువాడు ఒక్కడును లేడు. మన సంప్రదాయమున మాత్రము వేరుగా నున్నదా? శ్రీవిల్లిపుత్తూరులో తులసివనమున దొరకిన గోదాదేవికి పెరియాళ్వారులే తండ్రి. నాగేటిచాలున దొరకిన సీతమ్మ జానకియే.

యశోదాదేవి వృత్తాంతము ఇంకను సూక్ష్మమైనది. వసుదేవుడు రాత్రివేళ వచ్చి శిశువులను మార్చుకొని పోవునప్పుడు ఆమె నిద్రలో నున్నది. తనకు పుట్టినది ఆడుబిడ్డయో మగబిడ్డయో కూడ ఆమె యెరుగదు. ఎవరును ఆమె అనుమతి అడుగలేదు. అంతకంటె ఘోరము, ఆమె కన్న ఆడుశిశువు కంసుని చేతులలోనికి పోయినది. ఆ శిశువు యోగమాయ గనుక ఆకాశమునకెగసినది. భగవల్లీల గనుక మనము కన్నీరు పెట్టక వినుచున్నాము. దీనిని దొంగవ్యాపారులకు సాకుగా చూపువాడు పాపి యగును. నేను చెప్పదలచినది వేరు. బిడ్డ ఒడిలోనికి వచ్చిన త్రోవ యెట్టిదైనను, ఆ ఒడిలో పెరిగిన సంబంధమును ఏ భక్తుడును అసత్యమని అనలేదు. శ్రీకృష్ణుడు మథురకు పోయి మరలి రాలేదు. నందుడు రిక్తహస్తములతో గోకులమునకు మరలెను. యశోద ఏ సభలోను మొరపెట్టుకొనలేదు. ఎన్నో యేండ్ల తరువాత సూర్యగ్రహణ పుణ్యకాలమున కురుక్షేత్రములో అందరును కలిసికొనిరి. అప్పుడు దేవకీరోహిణులు యశోదను కౌగిలించుకొని, కన్నవారిని ఎరుగని మా బిడ్డలను నీవు పెంచితివి, నీ ఋణము తీరదని చెప్పుదురు. కన్నతల్లియే పెంచినతల్లి హక్కును ఒప్పుకొనిన ఆ ఘట్టమును చదివినప్పుడెల్ల, ఇద్దరు తల్లుల నడుమ న్యాయాధిపతి లేకయే జరిగిన తీర్పు ఇదియని నాకు తోచును.

సుప్రీంకోర్టు వరకు పోయిన ఆ వ్యాజ్యమున నన్ను ఎక్కువగా బాధించినది కాలము. 2024 మే నుండి 2025 ఆగస్టు వరకు 15 నెలలు. న్యాయస్థానముల లెక్కలో ఇది శీఘ్రమే. భూమి తగవులు మూడు తరములు నడచుట మనమెరుగుదుము. కాని రెండేండ్ల బిడ్డకు 15 నెలలన్నచో బ్రతికిన బ్రతుకులో సగముకంటె ఎక్కువ. అధికారి పాపమేమియు చేయకయే, కాగితము మీద కాగితము కదలుచుండగనే, ఆ బిడ్డకు ఇల్లు మారిపోవును. మేడారములో ఆ ఉద్యోగిని అడ్డుపడినది గాని బిడ్డ ప్రక్కన కూర్చుండి అడ్డుపడినది. బిడ్డ కొంగు పట్టుకొనగానే అడ్డు తొలగినది. అమ్మినవారిని విచారించుటకు ఎంతకాలమైనను పట్టవచ్చును. పసివాడు ఎవరి కొంగులో పుట్నాలు వెదకునో తెలిసికొనుటకు అంతకాలము పట్టనక్కరలేదు.

తల్లిదండ్రుల మొర యెల్లప్పుడును న్యాయమని నేననుట లేదు. నార్వే దేశమున 2011లో ఒక బెంగాలీ దంపతుల ఇద్దరు బిడ్డలను అక్కడి అధికారులు తీసికొనిపోయినప్పుడు, చేతితో అన్నము తినిపించుట, ప్రక్కలో పరుండబెట్టుకొనుట కూడ తప్పులుగా ఎంచిరని ఆ తల్లిదండ్రులు చెప్పిరి. విదేశములలో బిడ్డలున్న మన తెలుగు కుటుంబములన్నియు ఆ వార్తకు ఉలికిపడినవి. మరుసటి యేట బిడ్డలను పినతండ్రికి అప్పగించి స్వదేశమునకు పంపిరి; 2013లో వారు తల్లి చెంతకు చేరిరి. అక్కడి అధికారులు గోపనీయతను పాటించి తమ కారణములు వెల్లడింపలేదు గనుక మనము విన్నది ఒక ప్రక్క మాటయే. బిడ్డను కొట్టి, మాడ్చి, ఇది మా ఇంటి వ్యవహారమను తల్లిదండ్రులు మన వీధిలోను కలరు. అట్టి ఇంటికి అధికారి రాకున్నచో ఆ బిడ్డ తరపున మొరపెట్టువాడెవడు?

నేను ఈ విషయమున ఇంత ఆతురత చూపుటకు కారణము చెప్పకుండుట న్యాయము కాదు. నేను దత్తుడను. మా తండ్రిగారికి ఇద్దరము కుమారులము. పెదతండ్రిగారికి సంతానము లేదు. నా అయిదవ యేట అగ్నిసాక్షిగా నన్ను ఇచ్చిరి. హోమధూమమునకు కండ్లు మండుచుండగా, ఎవరో నన్ను ఒక ఒడినుండి మరియొక ఒడికి ఎత్తి కూర్చుండబెట్టిరి. అంతవరకు అన్నీ బాగుగనే యున్నవి. మరునాడు కన్నతల్లి వంటయింటి వాకిట నిలిచియుండగా 'అమ్మా' అని పరుగెత్తితిని. నాయనమ్మ మధ్యలో పట్టుకొని, "అమ్మ కాదురా, చిన్నమ్మ" అన్నది. వరుస ప్రకారము అది యథార్థమే. పెదతండ్రి భార్య అమ్మ యైనప్పుడు ఆమె మరది భార్య చిన్నమ్మయే యగును. చిన్నమ్మ ఏమియు అనలేదు. ఆ సాయంకాలమే వారు అర్చకత్వమున్న తమ గ్రామమునకు వెళ్లిపోయిరి.

నన్ను పెంచిన అమ్మ నాకు లోటేమియు చేయలేదు. ఆమె పోయినప్పుడు కర్మ చేసినవాడను నేను. ఆమెను తలచినప్పుడెల్ల గొంతు గద్గదమగును. ఎవరైన వచ్చి, నీ దత్తతలో మంత్రలోపమున్నది, ఆమె నీ తల్లి కాదని చెప్పియుండినచో, వేదమే వచ్చి చెప్పినను నేను ఒప్పుకొనియుండను. హైదరాబాదు బిడ్డలకు మాటలు రాక చెప్పలేకపోయినది ఇదియే గావచ్చును.

సుప్రీంకోర్టు బిడ్డలను అప్పగించి ఊరకుండలేదు. న్యాయసేవాధికార సంస్థ వారు ఎప్పటికప్పుడు ఆ బిడ్డల యోగక్షేమములను చూచి, మూడు నెలల కొకసారి నివేదిక పంపవలెనని కూడ ఆదేశించినది. కొందరికి ఇది అవమానముగా తోచినదట. నాకట్లు తోచలేదు. మా చిన్నమ్మ ఏటేట శ్రావణమాసమున మా ఇంటికి వచ్చెడిది. నాకు ఆ వయస్సున రాత్రులందు ఉలికిపడి లేచి కూర్చుండు అలవాటుండెను. బండి దిగి, కాళ్లు కడుగుకొని, గడప బయటనే నిలిచి, అమ్మను ఒకే ప్రశ్న యడిగెడిది:

"అక్కా, పిల్లగాడు రాత్రిళ్లు లేస్తున్నడా?"

"లేస్తలేడు. మంచిగ పంటున్నడు."

ఆ మాట వినిన తరువాతనే ఆమె గడప దాటి లోనికి వచ్చెడిది.